రాయిని పగలగొట్టే ముందు తిప్పి చూడండి

సంపాదకులకు నమస్కారం.

ఎండలు ముదిరి చెరువులు అడుగంటగానే పూడికతీత మొదలవుతుంది. దానితోపాటే జిల్లా పేజీల్లో ఏటా ఒక వార్త వస్తుంది. "తవ్వకాల్లో వింత అక్షరాల బండ" అని శీర్షిక, కింద ఒక్క అక్షరమూ చదవలేని చిన్న ఫొటో, చివరిలో "గుప్తనిధులకు గుర్తు కావచ్చని గ్రామస్తులు అనుకుంటున్నారు" అని ఒక వాక్యం. ఆ వాక్యం అచ్చయ్యాక కొన్ని రాళ్లు వారం తిరక్కుండానే ముక్కలవుతాయి. శాసనాలు చదివే పని తెలిసినవాళ్లుగా ఈ విషయం మీ పత్రిక ద్వారా పాఠకులకు, మీ విలేకరులకు కూడా చెప్పాలని ఈ ఉత్తరం.

అక్షరాల రాయి ఎక్కడైనా ఎదురుకావచ్చు. గుడి ముందు పాతిన నిలువు రాయే శాసనమని చాలామంది అనుకుంటారు. చెరువు తూము పక్కన, అలుగు రాళ్లలో, చాకిరేవు బండగా, పొలం గట్టు రాయిగా, పాత ఇంటి గడపగా, పశువుల కొట్టంలో గుంజగా, గుడి నేలమీద పరిచిన పలకగా కూడా ఉంటుంది. ఇల్లు కట్టుకునేవారు పాత రాళ్లు తెచ్చి అక్షరాలున్న వైపు లోపలికి పెట్టడమూ మామూలే, ఎందుకంటే నున్నగా చెక్కిన మిగతా ముఖాలే బయటికి అందంగా ఉంటాయి. అందుకే పాత రాయిని ఎక్కడ వాడబోయినా ముందు నాలుగు పక్కలా తిప్పి చూడాలి. అడ్డంగా, వరుసగా, సమాన దూరంలో గీతలు కనిపిస్తే అక్కడ రాత ఉన్నట్టే. రాసేముందు లిపికారుడు కొట్టుకున్న పంక్తిగీతలు అక్షరాలు అరిగినా కొన్నిసార్లు మిగులుతాయి.

ఒక్క రాయి ఏం చేయగలదో చెప్పడానికి నల్గొండ జిల్లా నకిరేకల్ దగ్గరి చందుపట్ల చాలు. అక్కడి శాసనం రాజు వేయించింది కాదు. రుద్రమదేవి సేనాని మల్లికార్జున నాయకుని కొలువులోని పువ్వుల ముమ్మడి అనే మనిషి, కాకతి రుద్రమదేవికీ తన నాయకుడికీ శివలోకప్రాప్తి కలగాలని కోరుతూ సోమనాథ దేవరకు కొంత భూమి ఇచ్చి వేయించిన దానశాసనం. చూడబోతే చిన్న ఊరి చిన్న దానం. కానీ అందులో తేదీ ఉంది: శక 1211, విరోధి సంవత్సరం, మార్గశిర శుద్ధ ద్వాదశి. అంటే 1289 నవంబర్ 27. శివలోకప్రాప్తి కోరారంటే అప్పటికే ఆమె చనిపోయిందన్నమాట. రుద్రమదేవి 1295 దాకా పాలించిందని అంతవరకు రాస్తూ వచ్చినవారు ఈ రాయి బయటపడ్డాక లెక్క మార్చుకోవలసి వచ్చింది. ఓరుగల్లు కోటలో దొరకని సమాచారం ఒక పల్లెలో దొరికింది. అక్కడ దొరుకుతుందని ఎవరూ ఎదురుచూడలేదు.

నాగార్జునకొండ సంగతీ అంతే. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే స్థానిక ఉపాధ్యాయుడు అక్కడ ఒక పాత స్తంభాన్ని గమనించి ప్రభుత్వానికి తెలిపారు. శాసన విభాగం నుంచి మనుషులొచ్చారు, తర్వాత తవ్వకాలు జరిగాయి, ఇక్ష్వాకుల రాజధాని విజయపురి బయటపడింది. సాగర్ డ్యాముకు శంకుస్థాపన 1955లో. ఆ లోయలో ఉన్నదేమిటో ముప్పై ఏళ్లు ముందే తెలిసింది కాబట్టే, నీళ్లు నిండకముందు కొంతైనా తవ్వి కొండమీదికి చేర్చగలిగారు. ఆ బడిపంతులు "ఏదో పాత స్తంభంలే" అని నడిచిపోయి ఉంటే ఆ ఊరు నీళ్లకింద ఎవరికీ తెలియకుండా ఉండిపోయేది. అమరావతిలో జరిగింది దీనికి తలకిందులు. 18వ శతాబ్దం చివర కొత్త పట్నం కట్టడానికి దీపాలదిన్నె అనే పాత బౌద్ధ స్తూపపు దిబ్బను తవ్వినప్పుడు చెక్కడపు పలకలు వచ్చాయి. కొన్ని కట్టడాల్లోకి పోయాయి, కొన్ని సున్నపు బట్టీల్లో కాలి గోడలకు పూతయ్యాయి.

ఇక గుప్తనిధుల మాట. శాసనం పైభాగంలో సూర్యుడు, చంద్రుడు ఉంటారు. కింద ఒక్కోసారి శివలింగం, నంది, ఆవూ దూడా, బాకు, వరాహం ఉంటాయి. వీటినే నిధికి దారి చూపే గుర్తులని చెప్పి జనాన్ని మోసం చేసేవారున్నారు. సూర్యచంద్రుల అర్థం చాలా సూటి: ఈ దానం ఆచంద్రార్కం, వాళ్లిద్దరూ ఉన్నంతకాలం చెల్లుతుంది. శాసనంలో రాసి ఉండేది ఏ గుడికి, ఏ బ్రాహ్మడికి, ఏ చెరువు కింద ఎంత పొలం ఇచ్చారు, దాని ఎల్లలేమిటి, ఎవరు సాక్షి అన్న వివరాలే. ఇప్పటి మాటలో చెప్పాలంటే నలుగురూ చూసేలా వీధిలో నిలబెట్టిన రిజిస్ట్రేషన్ దస్తావేజు. పాతిపెట్టిన సొమ్ము చిరునామాను ఊరి నడుమ రాతిమీద చెక్కి పెట్టేవాడు ఎవడూ ఉండడు. ఈ ఒక్క మాట ఊళ్లోవాళ్లకు తెలిస్తే సగం రాళ్లు బతుకుతాయి.

శాపం భయం కూడా అలాంటిదే. చివరి పంక్తుల్లో తరచు "స్వదత్తాం పరదత్తాం వా" అనే శ్లోకం వస్తుంది. తానిచ్చిందైనా ఒకరిచ్చిందైనా దానభూమిని లాక్కున్నవాడు అరవై వేల ఏళ్లు మలంలో పురుగై పుడతాడని దాని అర్థం. వారణాసిలో కవిలగోవులను చంపిన పాపానికి పోతారనే మాట తెలుగులోనూ ఉంటుంది. తిట్టు భూమి కాజేసేవాడికి. రాయిని కడిగినవాడికి, చదివినవాడికి, ఫొటో తీసినవాడికి అందులో ఏ తిట్టూ లేదు.

మట్టిలోంచి రాయి బయటపడినప్పుడు మొదటి గంటలో జరిగేదే ముఖ్యం. జేసీబీ బకెట్టు పళ్లకు రాయి తగిలిన చప్పుడు డ్రైవరుకు తెలుస్తుంది. అప్పుడు బండి ఆపి, చుట్టూ మట్టిని పారతో తీయాలి. గడ్డపార వాడకూడదు. తీయకముందే, రాయి పడి ఉన్న తీరులోనే రెండు ఫొటోలు తీసుకోవాలి, వెనక కట్టో తూమో చెట్టో కనపడేలా. ఎంత లోతున ఉంది, అక్షరాల ముఖం ఏ దిక్కుకుంది, సర్వే నంబరెంత, తేదీ ఏమిటి అన్నవి ఒక కాగితం మీద రాయాలి. ఉపాధి పనుల్లో అయితే మేటు (కూలీల పని చూసే మనిషి) దగ్గరి పుస్తకంలోనే రాయవచ్చు. ఈ వివరాలు ఎందుకంటే, చెరువు శాసనంలో "తూర్పు తూము కింద" అని ఉంటే ఆ తూము ఏదో రాయి దొరికిన చోటే చెబుతుంది. పంచాయతీ ఆఫీసుకు తెచ్చి నిలబెట్టిన రాయి ఆ సంగతి చెప్పలేదు.

రాయిని కదపవలసే వస్తే బరువు ముందు అంచనా వేసుకోండి. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అరడుగు మందం ఉన్న నల్లరాతి పలక 450 నుంచి 500 కిలోల దాకా ఉంటుంది. నలుగురు ఎత్తబోతే కాళ్ల మీద పడుతుంది, లేదా మధ్యకు విరుగుతుంది. ట్రాక్టరు గొలుసు నేరుగా చుట్టి లాగితే గొలుసు కణుపులు అక్షరాల మీద చారలు తీస్తాయి, ఆ చారలు తర్వాత గుడులూ దీర్ఘాలూ అయి చదివేవాడిని తప్పుదోవ పట్టిస్తాయి. గోనె సంచులు నాలుగైదు మడతలు వేసి, వాటి మీద తాడు కట్టి, కింద దుంగలు దొర్లిస్తూ జరపాలి. దించేటప్పుడు అక్షరాలు పైకి ఉండేలా ఇసుక మీదో పాత టైర్ల మీదో పడుకోబెట్టాలి. చాలాకాలం తడిమట్టిలో ఉన్న సున్నపురాయి, ఇసుకరాయి అయితే ఎండలో పెట్టకండి. పైపొర గబగబా ఆరి పెచ్చులు లేస్తుంది, అక్షరాలున్నది ఆ పైపొర మీదే. తడిగోనె కప్పి రెండు మూడు రోజులు నీడలో మెల్లగా ఆరనివ్వాలి.

శుభ్రం చేయడంలోనే ఎక్కువ నష్టం జరుగుతుంది, అదీ మంచి మనసుతో చేసేవాళ్ల వల్ల. కావలసినవి మంచినీళ్లు, మెత్తటి కొబ్బరిపీచు, వెదురు పుల్ల. అంతే. మట్టి సగం ఆరినప్పుడు పుల్లతో తడితే గాడిలోంచి పెళ్లలుగా ఊడి వస్తుంది. పూర్తిగా ఎండాక గీకితే రాతి రవ్వలు కూడా వస్తాయి. ఇనుప బ్రష్షు, కొడవలి మొన, బాత్‌రూం యాసిడ్ వద్దు. పలనాటి సున్నపురాతి మీద యాసిడ్ పడితే బుసబుసమని పొంగుతుంది. ఆ పొంగేది మురికి అనుకుంటారు, కరుగుతున్నది రాయే. గుడి జీర్ణోద్ధరణలో ఇసుకను గాలితో కొట్టి రాళ్లు తెల్లగా చేసే పద్ధతి వచ్చింది. గోడలు కొత్తగా మెరుస్తాయి, లోతు తక్కువ అక్షరాలు సాఫీ అయిపోతాయి. ఎనామిల్ రంగు గాడుల్లో నిండిపోతుంది, పెచ్చు ఊడినప్పుడు రాతిని కూడా కొంత లాక్కుపోతుంది. ఇప్పటికే రంగు వేసిన శాసనం ఉంటే దాన్ని గీకి తీసే ప్రయత్నం చేయకండి, అలాగే వదిలి పురావస్తు శాఖకు చెప్పండి.

అక్షరాలు కనిపించడం లేదని ముగ్గుపిండో సున్నమో సుద్దో గాడుల్లో నింపి ఫొటో తీస్తారు. పత్రికల్లో వచ్చే ఫొటోలు ఎక్కువ ఇలాంటివే. చిక్కేమిటంటే, నింపే మనిషి తనకు అక్షరమని తోచిన చోటే నింపుతాడు. రాతి పగులు దీర్ఘమవుతుంది, నిజమైన గుడి తెలియక మిగిలిపోతుంది. ఆ ఫొటో చూసి చదివేవాడు రాతిని చదవడు, నింపినవాడి ఊహను చదువుతాడు.

దీనికి సులువైన ఉపాయం వాలు వెలుతురు. చీకటి పడ్డాక రాయికి ఎదురుగా నిలబడి ఒక ఫోనుతో ఫొటో తీయాలి, ఫ్లాష్ ఆపేసి. ఇంకొకరు రెండో ఫోను టార్చిని రాతి అంచుకు రెండడుగుల దూరంలో, వెలుగు రాతి మీద పాకేలా దాదాపు ఆనించినట్టు పట్టుకోవాలి. గాడిలో ఒక అంచు వెలుగుతుంది, రెండోది నీడ పడుతుంది. పగలు పట్టుకుని చూసినా కనబడని అక్షరం అప్పుడు లేచి నిలబడుతుంది. ఎదురు ఫ్లాష్ వేస్తే ఈ నీడలన్నీ చచ్చిపోతాయి. వెలుగు పారే దిశలోనే ఉన్న గీతకు నీడ పడదు కాబట్టి ఒక్క వైపు టార్చి చాలదు. పక్కనుంచి పట్టినప్పుడు నిలువు గీతలు, పైనుంచి పట్టినప్పుడు అడ్డగీతలు తేలతాయి. నాలుగు వైపులనుంచి నాలుగు తీయండి. మొదట మొత్తం రాయి, తర్వాత ఐదేసి పంక్తుల చొప్పున భాగాలు, ఒక భాగంలోని చివరి పంక్తి తర్వాతి దాంట్లోనూ వచ్చేలా. కొలత తెలియడానికి ఒక స్కేలు పక్కన పెట్టండి. వెనక ముఖం, పక్కల మందం మరవకండి, శాసనం చాలాసార్లు అక్కడికి తిరుగుతుంది. ఇక పంపేటప్పుడు వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది చిన్నదైపోయి అక్షరాల అంచులు చెదిరిపోతాయి. డాక్యుమెంటుగా పంపాలి.

అసలు నకలు, అంటే ఎస్టాంపేజీ, తెలిసినవాళ్లకే వదిలేయడం మేలు. పని చూడటానికి తేలిక. కడిగిన రాతి మీద తడిపిన మ్యాప్‌లిథో కాగితం పరిచి, నడుమనుంచి అంచులకు గాలిబుడగలు పోయేలా బ్రష్షుతో కొడితే కాగితం గాడుల్లోకి దిగుతుంది. కాస్త ఆరాక, గుడ్డచుట్టిన దూది ఉండను దీపపు మసి, బంకనీళ్లు కలిపిన సిరాలో అద్ది పైపైన తట్టాలి. నేల నల్లగా, అక్షరాలు తెల్లగా వస్తాయి. తేమ ఎక్కువుంటే సిరా గాడిలోకి పాకి అక్షరం మాసిపోతుంది, తక్కువైతే గాలికి కాగితం లేచి, మళ్లీ అతికించేసరికి ఒక్కో గీత రెండై కూర్చుంటుంది. మిట్టమధ్యాహ్నం చేస్తే సగం పని కాకముందే ఎండిపోతుంది. సిరా ఎక్కువైతే కాగితం దాటి రాతికి మసి పడుతుంది. అదీగాక రక్షిత కట్టడాల్లో అనుమతి లేకుండా చేయకూడదు.

చదవడం రాదని వెనకాడకండి. తేదీ ఒక్కటి పట్టుకున్నా చాలు. "స్వస్తిశ్రీ జయాభ్యుదయ శాలివాహన శక వర్షంబులు" అన్న మాటల తర్వాత అంకె ఉంటుంది. దానికి 78 కలిపితే క్రీస్తు శకం. అరిగిన అంకెను సరిచూసుకోవడానికి ఒక చిట్కా ఉంది: శక సంవత్సరానికి 12 కలిపి 60తో భాగిస్తే వచ్చే శేషం, ప్రభవ నుంచి లెక్కపెడితే సంవత్సరం పేరు చెబుతుంది. చందుపట్ల శాసనంలో 1211కు 12 కలిపితే 1223, శేషం 23, ఇరవై మూడోది విరోధి. రాతి మీదా విరోధే. ఒక ఏడాది తేడా వస్తే కంగారుపడనక్కర్లేదు, జరుగుతున్న ఏడును లెక్కేశారా గడిచినదాన్నా అన్న తేడా అది. అంతకుమించి పొసగకపోతే అంకె తప్పు చదివినట్టు. అంకెల బదులు నేత్ర, గుణ, వేద, బాణ వంటి మాటలుంటే అవి 2, 3, 4, 5. వాటిని కుడినుంచి ఎడమకు పేర్చుకోవాలి. వలపలగిలకను, అంటే పాత రాతలో అక్షరం పక్కన వేసే రకారపు గుర్తును, తొమ్మిది అంకె అనుకుని పొరపడేవాళ్లు చాలామంది. "ధర్మ" అనే మాటలో రేఫ అలా మకారం తర్వాత పక్కన వస్తుంది.

రాయి దొరికితే ప్రభుత్వం పొలం లాక్కుంటుందని రైతులు భయపడి మళ్లీ పూడ్చేస్తారు. ఈ భయాన్ని తేలిగ్గా కొట్టిపారేయడం సరికాదు. కేంద్రం రక్షిత కట్టడంగా ప్రకటించిన చోట చుట్టూ 100 మీటర్లలో కట్టడాలు నిషేధం, ఆ తర్వాత 200 మీటర్ల దాకా అనుమతి కావాలి. కానీ ఒక శాసనాన్ని నమోదు చేయడం వేరు, కట్టడాన్ని రక్షితమని ప్రకటించడం వేరు. 1958 చట్టం ప్రకారం ప్రకటనకు ముందు రెండు నెలల నోటీసు ఇచ్చి అభ్యంతరాలు తీసుకోవాలి. శాసన విభాగం వాళ్లు వచ్చి నకలు తీసుకుని, నంబరు వేసుకుని వెళ్లినంత మాత్రాన పొలం జోలికి ఎవరూ రారు. దక్షిణాది శాసనాల నకళ్లు 1880ల నుంచి ఇలాగే పోగవుతూ వచ్చాయి. ఇప్పుడు కేంద్ర పురావస్తు శాఖ శాసన విభాగం మైసూరులో ఉంది, అరబ్బీ, పారశీక శాసనాలు చూసేది నాగ్‌పూర్ కార్యాలయం. తెలంగాణలో హెరిటేజ్ శాఖకు, ఆంధ్రప్రదేశ్‌లో పురావస్తు, మ్యూజియంల శాఖకు, లేదా తహసీల్దారుకు తెలిపినా చాలు.

నాణేలు, రాగిరేకులు దొరికితే మాత్రం చట్టం వేరు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దొరికిన సొత్తు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. దాచిపెడితే శిక్ష ఉంది, తెలిపినవారికి వాటా ఇచ్చే నిబంధనలూ అందులోనే ఉన్నాయి. రాగిరేకులను చింతపండుతో తోమడం మన ఇళ్లలో అలవాటు. దయచేసి తోమకండి. చింతపండు పులుపు పచ్చటి చిలుముతోపాటు లోతు లేని గీతలనూ తినేస్తుంది. రేకులను కలిపే ఉంగరాన్ని, దాని ముద్రను కోయకండి, ఏ వంశానిదో మొదట చెప్పేది ఆ ముద్రే. కుండలో నాణేలు అతుక్కుని ఉంటే విడదీయకుండా కుండతో సహా గుడ్డలో కట్టి ఇవ్వండి. సీసం నాణేలను విలువలేని బిళ్లలని పారేయకండి, శాతవాహనులు సీసంతోనూ నాణేలు వేశారు.

ఇవన్నీ చరిత్రకారులకు పనికొచ్చేవి, మనకేమిటి అనేవారికి కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం చూపించాలి. శక 1291, అంటే 1369లో బుక్కరాయల కొడుకు భాస్కరుడు తవ్వించిన చెరువు అది. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బళ్లు, రెండేళ్ల పని అని రాశారు. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు, చెరువుకుండే ఆరు దోషాలు కూడా చెక్కారు: కట్ట ఊట వేయడం, చవుడు నేల, రెండు రాజ్యాల హద్దు మీద ఉండటం, గర్భంలో మిట్ట, నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీళ్లు ఎక్కువై నేల చాలకపోవడం. ఇప్పుడు చెరువు పనికి అంచనా వేసే ఏ ఇంజినీరైనా ఈ ఆరూ చూడవలసిందే. పూడిక తీసేవాడి పారకు రేపు తగలబోయే రాయి ఆ చెరువు గురించే ఏదైనా చెప్పవచ్చు. అది ముక్కలై కట్టకు పరిచే రాళ్లలో (రివిట్‌మెంటులో) కలిసిపోతే ఆ మాట ఇక ఎవరికీ అందదు.

మీ పత్రికకు మా విన్నపం. చదివించకుండా "గుప్తనిధి" అనే మాట రాయవద్దు. వాలు వెలుతురులో తీసిన ఫొటోనే, కనీసం మూడు కాలమ్‌ల వెడల్పున వేయండి, మీ పాఠకుల్లో చదవగలిగినవారు ఉంటారు. ఊరికి దూరంగా, కాపలా లేని చోట దొరికితే రాయి భద్రమయ్యేదాకా ఊరిపేరు మాత్రం రాసి, ఖచ్చితమైన చోటు రాయకండి. అన్నిటికంటే, నెల తర్వాత మళ్లీ అదే పేజీలో ఆ రాయి మీద ఏముందో తేలిందని రెండో వార్త వేయండి. మొదటి వార్త వస్తుంది, ఈ రెండోది దాదాపు ఎప్పుడూ రాదు. అందుకే ఊళ్లోవాళ్లకు అది నిధి గుర్తుగానే మిగిలిపోతోంది. పూడికతీత తొలకరిదాకా సాగుతుంది కాబట్టి ఈ ఉత్తరాన్ని ఆలోగా జిల్లా పేజీల్లో కూడా వేయగలిగితే మేలు.

ఇట్లు,
శాసనాలు చదివే పనిలో ఉన్న పాఠకులు